పొదగేయకముందే గుడ్డులో జీవం ఉందో లేదో, పుంజో పెట్టో తెలుసుకోగలమా?

ప్రశ్న (నంద్యాల జిల్లా నుంచి, పెరటి కోళ్ళ పెంపకందారు)

అందరికీ నమస్కారం. మేము రెండేళ్ళుగా పెరట్లో పదిహేను నాటు పెట్టలను, రెండు పుంజులను పెంచుతున్నాం. నా భార్య ఇంటి దగ్గరే నాటుగుడ్లు అమ్ముతుంది. అడిగేవారు ఎక్కువై గుడ్లు చాలకపోవడంతో పెట్టలను నలభైకి పెంచుదామని నిశ్చయించుకుని, గత ఏప్రిల్‌లో నలభై గుడ్లు పట్టే చిన్న ఇంక్యుబేటర్ కొన్నాం. మా పెట్టల గుడ్లు అప్పటికి సరిపడినన్ని లేనందున, దూరపు ఊరిలోని ఒక వ్యాపారి దగ్గర 36 గుడ్లు కొని బస్సులో తెచ్చుకున్నాం. ఆయన ప్రతి గుడ్డు మీద దారానికి కట్టిన ఉంగరాన్ని వేలాడదీశాడు. ఉంగరం గుండ్రంగా తిరిగితే లోపల పెట్ట, అటూ ఇటూ ఊగితే పుంజు, కదలకుండా నిలిచిపోతే జీవం లేని గుడ్డు అని చెప్పి, పెట్టగుడ్లుగా తేల్చినవాటినే మాకిస్తున్నానంటూ మామూలు ధరకు రెట్టింపు తీసుకున్నాడు.

21 రోజుల తర్వాత 17 పిల్లలు మాత్రమే బయటికి వచ్చాయి. రెండు నెలలు పెంచాక చూస్తే వాటిలో 11 పుంజులు, 6 పెట్టలు. పొదగని 19 గుడ్లను పగలగొట్టి చూశాం. ఎనిమిదింటిలో పిల్ల ఆనవాలే లేదు, నాలుగు మురిగి కంపు కొట్టాయి, ఏడింటిలో పిల్ల పూర్తిగా తయారై పెంకులోనే చనిపోయి ఉంది. ఆ ఏడింటిని చూసి నా భార్య ఆ పూట అన్నం తినలేదు.

పోయిన డబ్బు సంగతి వదిలేశాను. మళ్ళీ అదే తప్పు చేయకూడదని ఈ ప్రశ్న అడుగుతున్నాను. గుడ్లను యంత్రంలో పెట్టకముందే ఏది పిల్ల అవుతుందో, ఏది కాదో తేల్చే నమ్మకమైన పరీక్ష ఏదైనా ఉందా? కొనదేలిన గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అని మా ఊళ్ళో పెద్దలంటారు, అందులో నిజమెంత? నీటిలో వేసి చూడమని మరొకరు సలహా ఇచ్చారు, అలా చేయవచ్చా? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు (కరీంనగర్ నుంచి, విశ్రాంత పశువైద్యుడు)

మీరు అడిగినదానిలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. గుడ్డులో జీవం ఉందా లేదా అన్నది ఒకటి, ఉంటే అది పుంజా పెట్టా అన్నది మరొకటి. మొదటిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మీ నష్టంలో ఎక్కువ భాగం అక్కడే జరిగింది.

పెట్ట అండాశయం నుంచి పచ్చసొన విడుదలైన పావుగంటలోపే, అండవాహిక పైభాగంలో, వీర్యకణంతో దాని కలయిక, అంటే ఫలదీకరణ, జరగాలి. ఆ తర్వాత దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది, పొరలు ఏర్పడతాయి, పెంకు పడుతుంది. మొత్తం 24 నుంచి 26 గంటలు పట్టే ఈ ప్రయాణంలో పెంకు పడటానికే దాదాపు 20 గంటలు పోతాయి. పెట్ట ఒంటి వేడిలో ఇంతసేపు ఉంటుంది కనుక, ఫలదీకరణ చెందిన గుడ్డులో కణవిభజన గుడ్డు బయటికి రాకముందే మొదలై, పెట్టే సమయానికి అందులో 40 వేల నుంచి 60 వేల వరకు కణాలు ఉంటాయి. అయినా అదంతా సొన మీద నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని బిళ్ళ మాత్రమే. అందులో అప్పటికి రక్తం లేదు, గుండె లేదు, వెలుతురుకు అడ్డుపడే మందం అసలే లేదు. అందువల్ల కొత్తగా పెట్టిన గుడ్డును ఎంత మంచి టార్చి ముందు పెట్టినా జీవమున్న గుడ్డూ, జీవం లేని గుడ్డూ మన కంటికి ఒకేలా కనిపిస్తాయి.

పగలగొడితే మాత్రం తేడా తెలుస్తుంది. తెల్లని పళ్ళెంలో గుడ్డు కొట్టి సొన మీద ఉన్న తెల్లటి మచ్చను పరిశీలించండి. ఫలదీకరణ జరగకపోతే ఆ మచ్చ రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, నిండుగా తెల్లగా, అంచులు సరిగా లేకుండా ఉంటుంది. జరిగితే అది కొంచెం పెద్దదై, మధ్యలో పలుచగా, చుట్టూ గుండ్రని తెల్లటి వలయంతో ఉంటుంది. ఒకటి రెండుసార్లు పక్కపక్కన పెట్టి చూస్తే కన్ను అలవాటు పడుతుంది. పగలగొట్టిన గుడ్డు ఇక పిల్ల కాదు కాబట్టి ఇది ఒక్కొక్క గుడ్డుకు చేసే పరీక్షగా పనికిరాదు, మందకు చేసే పరీక్షగా పనికివస్తుంది. ఇంట్లో వంటకు కొట్టే ప్రతి గుడ్డునూ ఇలా చూసి, పది కొడితే ఎన్నింటిలో వలయం కనిపించిందో గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. పదికి పదీ బాగున్నా అన్ని గుడ్లూ పిల్లలవుతాయని ధీమా పడకండి. లెక్క ప్రకారం, మందలో నాలుగో వంతు గుడ్లు జీవం లేనివైనా, ఏరిన పదీ మంచివే తగలడం ఇరవైసార్లలో ఒకసారి జరుగుతుంది. పదికి నాలుగైదే బాగుంటే మాత్రం, యంత్రం సంగతి పక్కన పెట్టి పుంజుల సంగతి చూడాలి.

పుంజుల విషయంలో సాధారణంగా ఎనిమిది నుంచి పది తేలిక పెట్టలకు ఒకటి, బరువు జాతులకు అంతకంటే తక్కువ పెట్టలకు ఒకటి ఉండాలి. మీ పదిహేనింటికి రెండు సరిపోతాయి, కానీ అవి ఒకదానినొకటి తరుముకుంటూ ఉంటే రెండున్నా లేనట్టే. పెట్ట తన అండవాహికలోని సన్నని గొట్టాలలో వీర్యాన్ని దాచుకుంటుంది కనుక, ఒకసారి జతకూడిన తర్వాత ఐదారు రోజులు మంచి గుడ్లు వస్తాయి, కొన్ని రెండు మూడు వారాల దాకా కూడా రావచ్చు. ఇదే కారణంగా, పుంజును మార్చినవారు కొత్త పుంజు పిల్లలే కావాలనుకుంటే మూడు వారాలు ఆగి గుడ్లు ఏరుకోవాలి.

నీటిలో వేయడం మాత్రం దయచేసి చేయకండి. గుడ్డు పాతబడిన కొద్దీ లోపలి తేమ ఆవిరై గాలిగది పెరుగుతుంది, అందుకే పాతది తేలుతుంది. ఆ పరీక్ష చెప్పేది గుడ్డు వయసు ఒక్కటే. పైగా పెంకుకు వేల సంఖ్యలో సూక్ష్మరంధ్రాలుంటాయి. వెచ్చని గుడ్డును చల్లని నీటిలో ముంచగానే లోపలి పదార్థం కుంచించుకుని, బయటి మురికిని, క్రిములను లోపలికి లాక్కుంటుంది. పొదగేసే గుడ్డు మీది సహజమైన పూతను కడిగేయకూడదు. మరకలున్న గుడ్లను వంటకు వాడుకుని, శుభ్రమైనవాటినే పెట్టండి.

ఇక మీ 19 గుడ్ల సంగతికి వస్తాను. పిల్ల ఆనవాలు లేని ఎనిమిదింటిలో కొన్ని ఫలదీకరణే జరగనివి, కొన్ని మొదటి రెండు మూడు రోజుల్లో చనిపోయినవి అయి ఉండవచ్చు. 21 రోజులు వేడిలో ఉన్నాక వాటిని విడదీసి చెప్పడం కష్టం. అయితే మీరు ఏప్రిల్‌లో బస్సులో తెచ్చారు. గుడ్డులోని పిండం దాదాపు 20 డిగ్రీల దిగువన నిద్రలో ఉంటుంది, ఆ పైన మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. మీ ప్రాంతపు ఏప్రిల్ ఎండలో, బస్సు పైకప్పు కింద, అది పెరగడం మొదలై, ఒడిదుడుకుల వేడికి తాళలేక చనిపోయే అవకాశం చాలా ఎక్కువ. ఆ వ్యాపారి గుడ్లు ఎన్ని రోజులు నిల్వ ఉంచాడో కూడా మీకు తెలియదు. వారం దాటిన ప్రతి రోజూ పిల్లలయ్యే శాతం తగ్గుతూ పోతుంది.

పూర్తిగా తయారై చనిపోయిన ఏడింటిలో మాత్రం జీవం ఉన్నదనడానికి అవే సాక్ష్యం. వాటికి యంత్రంలోనే ఏదో లోటు జరిగింది. ఫ్యాన్ ఉన్న యంత్రమైతే 37.5 డిగ్రీలు, మొదటి 18 రోజులు తేమ 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. 18వ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపేసి, పిల్లలు వచ్చేదాకా మూత తీయకూడదు. ఆత్రంతో మూత తీసినప్పుడల్లా తేమ పడిపోయి, లోపలి పొర ఎండి, పిల్ల పెంకు కొట్టుకుని బయటికి రాలేకపోతుంది. యంత్రంతో ఇచ్చే మీటరును నమ్మకుండా, మెడికల్ షాపులో దొరికే జ్వరం చూసే థర్మామీటరుతో ఒకసారి సరిచూసుకోండి.

పుంజు పెట్టల విషయం సాయంత్రం రాస్తాను.

జవాబు (ఇల్లెందు నుంచి, పదిహేనేళ్ళుగా నాటుకోళ్ళు పెంచుతున్న గృహిణి)

అన్నగారూ, మీ భార్య బాధ నాకు బాగా అర్థమైంది. డాక్టరుగారు శాస్త్రం చెప్పారు కనుక నేను ఇంట్లో చేసి చూసినది చెబుతాను.

కొనదేలిన గుడ్డు పుంజు అన్న మాట మా అత్తగారు గట్టిగా నమ్మేవారు. నేనూ నమ్మాను. పెట్టల కోసం గుండ్రటి గుడ్లే ఏరి పొదగేసేదాన్ని. ఒక ఏడాది సగం పైగా పుంజులే వచ్చేసరికి నాకు అనుమానం కలిగి, ఆ మరుసటి ఏడాది రెండు రకాల గుడ్ల మీదా పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, పిల్లలు పుట్టే రోజున ఏ పెంకులోంచి ఏ పిల్ల వచ్చిందో చూసి, కాళ్ళకు రంగుదారాలు కట్టాను. కొనదేలిన గుడ్ల నుంచి 24 పిల్లలు వస్తే 11 పుంజులు, 13 పెట్టలు. గుండ్రటివాటి నుంచి 23 వస్తే 12 పుంజులు, 11 పెట్టలు. అప్పటి నుంచి ఆకారం చూసి ఏరడం మానేశాను. మరీ పొడవువీ, మరీ చిన్నవీ, పెంకు గరుకుగా ఉన్నవీ తీసేయడం మాత్రం మానలేదు. అది పుంజు పెట్టల కోసం కాదు, అటువంటివి పిల్లలవడమే తక్కువ.

ఆ ఏడాది నాకు మరొక విషయం కూడా కనిపించింది. మా నల్లపెట్ట ఎప్పుడు పెట్టినా కొనదేలిన గుడ్డే పెడుతుంది. ఆకారం మాట నిజమైతే దాని కడుపున ఒక్క ఆడపిల్లా పుట్టకూడదు. ఇప్పుడు మా పెరట్లో తిరిగే పెట్టల్లో నాలుగు దాని కూతుళ్ళే.

జీవమున్న గుడ్డును తెలుసుకోవడానికి నా పద్ధతి ఒక్కటే. పొదగేసిన ఏడో రాత్రి, గదిలో దీపం ఆర్పేసి, సెల్‌ఫోన్ టార్చికి అట్టముక్కతో చిన్న కన్నం చేసి, ఆ కన్నం మీద గుడ్డు లావు వైపును ఆనించి చూస్తాను. మంచి గుడ్డులో మధ్యన నల్లటి చుక్క, దాని నుంచి సాలెపురుగు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఆ చుక్క ఒక్కొక్కసారి కదులుతుంది కూడా. మా చిన్నది మొదటిసారి అది చూసినప్పుడు సంతోషంతో ఏడ్చేసింది. నరాలు లేకుండా పసుపుపచ్చగా వెలిగిపోతే అది ఉత్త గుడ్డు. ఎర్రటి గీత గుండ్రంగా ఉంగరంలా కనిపిస్తే మొదట్లో జీవం పోసుకుని చనిపోయినట్టు. ఆ రెండు రకాలనూ తీసేస్తాను. తెల్లపెంకు గుడ్లలో ఐదో రోజుకే కనిపిస్తుంది, ముదురు పెంకువాటికి ఏడు దాకా ఆగడం మంచిది. అవి తీయకుండా అక్కడే ఉంచితే మురిగి, ఒక్కొక్కసారి పగిలి, పక్క గుడ్లను కూడా పాడుచేస్తాయి. మీ నాలుగు కంపు గుడ్లు అలా మిగిలిపోయినవే అయి ఉంటాయి.

నిల్వ గురించి కూడా ఒక మాట. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయట వేడిలోనూ పెట్టకండి. నేను వెడల్పాటి మట్టిపాత్రలో తడి ఇసుక పోసి, దాని మీద గోనెగుడ్డ పరిచి, గుడ్లను కొన కిందికి ఉండేలా నిలబెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లని మూలన ఉంచుతాను. ఐదారు రోజులకు మించి ఆపను. మే నెలలో అసలు పొదగేయను.

జవాబు (కరీంనగర్ నుంచి, విశ్రాంత పశువైద్యుడు)

అమ్మగారు నల్లపెట్ట గురించి చెప్పినది ఎంతో విలువైన పరిశీలన. దానికి కారణం చెబుతాను.

మనుషుల్లో బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్. కోళ్ళలో ఇది తలకిందులుగా ఉంటుంది. పుంజుకు రెండు జడ్ క్రోమోజోమ్‌లు ఉంటాయి, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పుంజు ఎప్పుడూ జడ్‌నే ఇస్తుంది. పెట్ట అండంలో జడ్ మిగిలితే పుంజుపిల్ల, డబ్ల్యూ మిగిలితే పెట్టపిల్ల. ఈ పంపకం సొన విడుదల కావడానికి కొద్దిసేపటి ముందే ముగిసిపోతుంది. అంటే వీర్యకణం చేరకముందే ఆ గుడ్డు పుంజా పెట్టా అన్నది తేలిపోయింది. పెంకు ఏర్పడటం మొదలయ్యేది ఆ తర్వాత చాలా గంటలకు. గుడ్డు ఆకారాన్ని ఇచ్చేది అండవాహిక కండరాలూ, పొరలూ. అవి లోపలున్న క్రోమోజోమ్‌ను చూసి పని చేయవు. అందుకే ఒక పెట్ట జీవితమంతా దాదాపు ఒకే ఆకారపు గుడ్లు పెడుతూ, పుంజులనూ పెట్టలనూ సమానంగా కంటుంది. పుంజును మారిస్తే పెట్టపిల్లలు ఎక్కువవుతాయన్న మాట కూడా ఈ కారణంగానే నిలవదు.

ఈ ఆకారపు నమ్మకం మన ఊళ్ళకే పరిమితం కాదు. గ్రీకుదేశపు అరిస్టాటిల్ పొడవుగా కొనదేలినవి ఆడవని, గుండ్రటివి మగవని రాశాడు. తర్వాతి కాలపు రోమన్ రచయితలు సరిగ్గా దానికి వ్యతిరేకంగా రాశారు. రెండు వేల ఏళ్ళ నుంచీ రెండు పక్షాలకూ సాక్ష్యాలు దొరుకుతూనే ఉన్నాయంటే, ఆ సాక్ష్యాలు ఎటువంటివో ఆలోచించండి. సగానికి సగం అవకాశమున్న విషయంలో ఎవరు ఏం చెప్పినా సగం సార్లు నిజమవుతుంది, నిజమైనవే జ్ఞాపకం ఉంటాయి.

మీ 17 పిల్లల్లో 11 పుంజులు రావడం కూడా వింతేమీ కాదు. 17 పిల్లలు పుట్టినప్పుడల్లా పదకొండు గాని అంతకంటే ఎక్కువ గాని పుంజులు రావడం దాదాపు ఆరుసార్లలో ఒకసారి జరుగుతుంది.

జవాబు (ప్రకాశం జిల్లా నుంచి, రైతు)

డాక్టరుగారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా నాన్నగారు నలభై ఏళ్ళు అసీలు కోళ్ళు పెంచారు. ఆయన దారానికి సూది కట్టి గుడ్డు మీద పట్టుకుంటే అది తనంతట తానే తిరిగేది. నేను కళ్ళారా చూశాను, నా చేతిలోనూ తిరిగింది. ఎవరూ కదపకుండా అది ఎలా తిరుగుతుంది? అందులో ఏమీ లేదని ఎలా కొట్టివేస్తారు? డబ్బు కోసం చేసేవారు వేరు, మా నాన్నగారు ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు.

జవాబు (కరీంనగర్ నుంచి, విశ్రాంత పశువైద్యుడు)

అయ్యా, మీ నాన్నగారు నిజాయితీపరులన్నది నేను సంపూర్ణంగా నమ్ముతున్నాను. సూది తిరిగిందన్నదీ నిజమే. తిప్పినది గుడ్డు కాదు, పట్టుకున్న చెయ్యి. మనసులో "ఇప్పుడు తిరుగుతుంది" అన్న ఊహ కలగగానే వేళ్ళ కండరాలు మనకు తెలియనంత స్వల్పంగా కదులుతాయి, పొడవాటి దారం ఆ కదలికను పెద్దది చేసి చూపిస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ ఈ విషయాన్ని తన మీద తానే పరీక్షించుకుని 1833లో ప్రకటించాడు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ తిరిగిన లోలకం, కళ్ళకు గంతలు కట్టుకోగానే ఆగిపోయింది. ఆయన అబద్ధమాడలేదు, మీ నాన్నగారూ ఆడలేదు.

నా మాట మీద మీరు నమ్మకం పెట్టుకోనవసరం లేదు. ఇరవై గుడ్లకు అంకెలు వేయండి. సూది ఏ గుడ్డుకు ఏం చెప్పిందో కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, కోళ్ళతో సంబంధం లేనివారికి ఇవ్వండి. పిల్లలకు అవే అంకెలు కట్టి, పుంజు పెట్టలు స్పష్టంగా తేలాక కవరు విప్పండి. ఇరవై పిల్లల్లో పది పదకొండు సరిపోతే అది బొమ్మా బొరుసుతో సమానం. పదిహేను గాని అంతకంటే ఎక్కువ గాని సరిపోవడం ఊరికే జరిగే అవకాశం నూటికి రెండే. అలా వస్తే ఇక్కడ రాయండి, నేనే ప్రకాశం జిల్లాకు వచ్చి మీతో కూర్చుని మళ్ళీ చేస్తాను.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. విదేశాల్లో గుడ్డులోనే పుంజు పెట్టలను గుర్తించే యంత్రాలు వచ్చాయని మా అబ్బాయి చెబుతున్నాడు. అది నిజమేనా? అటువంటిది చిన్న పరిమాణంలో మనకు దొరుకుతుందా?

జవాబు (జర్మనీ నుంచి, కోళ్ళ పరిశ్రమలో పనిచేస్తున్న తెలుగువాడిని)

మీ అబ్బాయి చెప్పినది నిజమే. కానీ అవి ఎందుకు పుట్టాయో, గుడ్డును ఏ రోజున చూస్తాయో తెలిస్తే, వాటి కోసం మీరు ఎదురుచూడనవసరం లేదని అర్థమవుతుంది.

గుడ్ల కోసమే తయారు చేసిన లేయర్ జాతుల్లో మగపిల్లలు గుడ్డు పెట్టవు, మాంసం కోసం పెంచితే మేత ఖర్చు రాదు. అందువల్ల పెద్ద హేచరీలలో వాటిని పుట్టిన రోజే చంపేస్తూ వచ్చారు. ఒక్క జర్మనీలోనే ఏడాదికి నాలుగున్నర కోట్ల పిల్లలను ఇలా చంపేవారు. ఈ పని ఎవరికైనా బాధాకరమే. 2022 జనవరి 1 నుంచి ఇక్కడ దీన్ని చట్టం నిషేధించింది, ఫ్రాన్స్ కూడా అదే దారి పట్టింది. అప్పటి నుంచి, పిల్ల పుట్టకముందే మగ గుడ్లను ఏరి తీసేసే యంత్రాలకు గిరాకీ వచ్చింది.

ఒక పద్ధతిలో తొమ్మిదో రోజున లేజర్‌తో పెంకుకు వెంట్రుకంత రంధ్రం చేసి, లోపలి ద్రవం చుక్క తీసి, అందులో ఆడపిండం విడుదల చేసే హార్మోన్ ఉందా అని చూస్తారు. ఈ పద్ధతితో వచ్చిన పెట్టల గుడ్లు 2018 నవంబరులో బెర్లిన్ దుకాణాలకు చేరాయి. మరొక పద్ధతిలో పెంకును తాకకుండా, బలమైన వెలుతురును గుడ్డు గుండా పంపి, పన్నెండు పదమూడు రోజుల పిండానికి అప్పుడప్పుడే వస్తున్న ఈకల రంగును చదువుతారు. గోధుమరంగు గుడ్లు పెట్టే సంకరజాతుల్లో మగపిల్లల ఈకలు తెల్లగా, ఆడపిల్లల ఈకలు గోధుమగా ఉంటాయి కనుక అది సాధ్యమైంది. తెల్లగుడ్ల జాతులకు ఇది పనిచేయదు. ఆస్పత్రుల్లో వాడే ఎంఆర్ఐ తరహా యంత్రంతో పన్నెండో రోజు ప్రాంతంలో చూసే పద్ధతి కూడా వచ్చింది.

గమనించండి, ఇవన్నీ పొదగడం మొదలై వారం దాటిన తర్వాత చేసేవే. ఏడో రోజు నుంచే పిండాన్ని చంపకూడదని జర్మన్ చట్టం మొదట అనుకుంది. పదమూడో రోజుకు ముందు పిండానికి నొప్పి తెలియదని పరిశోధనల్లో తేలాక పన్నెండో రోజు దాకా అనుమతించింది. పొదగకముందే తేల్చగలిగితే ఈ చర్చే ఉండేది కాదు, అందుకే ఆ దిశగా ప్రయత్నాలు ఆగలేదు. పొదగని గుడ్డును ప్రత్యేక కెమెరాతో చదివి జీవాన్ని, లింగాన్ని చెప్పగల పద్ధతి గురించి కెనడాలోని ఒంటారియో గుడ్ల రైతుల సంఘం 2016లోనే ప్రకటించింది. ఇజ్రాయెల్‌లో మరో దారి పట్టారు. పెట్టల జన్యువులోనే మార్పు చేసి, వాటి గుడ్లను నీలికాంతిలో కొన్ని గంటలు ఉంచితే మగపిండం ఎదగకుండా ఆగిపోయేలా చేశామని 2022 డిసెంబరులో ప్రకటించారు. అయితే నేను చూసిన హేచరీలలో రోజూ నడుస్తున్న యంత్రాలన్నీ పొదగడం మొదలయ్యాక చూసేవే. అవి గంటకు వేల గుడ్లు పట్టే భారీ యంత్రాలు, నలభై గుడ్ల పెట్టె పక్కన పెట్టుకునేవి కావు.

నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. ఈ యంత్రాలు అవసరమైనది మగపిల్లకు విలువ లేని చోట. మన దగ్గర నాటుపుంజుకు పెట్టకంటే మంచి ధరే పలుకుతుంది. మీ 11 పుంజులను నష్టమనుకోకుండా, ఐదారు నెలలు పెంచి అమ్మితే, మళ్ళీ గుడ్లు కొనే ఖర్చు అక్కడే వస్తుంది. పెట్టలే కావాలంటే, పుట్టిన రోజే రంగును బట్టి చెప్పగల సంకరం ఒకటుంది. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును, చారల ప్లిమత్ రాక్ పెట్టలతో జతకడితే, పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. మగపిల్లలకు మాత్రం నెత్తి మీద తెల్లటి మచ్చ ఉంటుంది. చారల జన్యువు జడ్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల తల్లి దాన్ని కొడుకులకు మాత్రమే ఇవ్వగలదు. జతను తిరగేసి, చారల పుంజును ఎర్ర పెట్టలతో కలిపితే ఈ తేడా కనిపించదు, ఆ పొరపాటు చేయకండి.

జవాబు (ఇల్లెందు నుంచి, గృహిణి)

అన్నగారూ, గుడ్లు ఎక్కువ కావాలన్నదే మీ ఉద్దేశమైతే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం వారు పెరటి పెంపకం కోసం తయారు చేసిన గ్రామప్రియ గురించి కూడా ఆలోచించండి. అది నాటుపెట్ట కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడుతుంది. కానీ సరిగా పొదగదు. నేను గ్రామప్రియ గుడ్లను మా నాటుపెట్టల కింద పెట్టి పిల్లలు తీశాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మరొకసారి నమస్కారాలు. బయటి గుడ్లు కొనకూడదని నేనూ నా భార్యా నిర్ణయించుకున్నాం. పోట్లాడుకుంటున్న రెండు పుంజులను వేర్వేరు గదుల్లో ఉంచి, పెట్టలను రెండు గుంపులుగా చేశాం. నిన్నటి నుంచి వంటకు కొట్టే ప్రతి గుడ్డునూ తెల్లపళ్ళెంలో చూస్తున్నాం. ఇప్పటిదాకా ఏడు కొట్టాం, ఐదింటిలో డాక్టరుగారు చెప్పిన వలయం స్పష్టంగా కనిపించింది. థర్మామీటరు పెట్టి చూస్తే మా ఇంక్యుబేటర్ 37.5 అని చూపిస్తున్నప్పుడు లోపల నిజంగా ఉన్నది 38.6. ఆ ఏడు పిల్లలూ ఎందుకు పోయాయో దీనివల్ల కొంత తెలిసినట్టయింది. కంపెనీవారికి ఫోన్ చేసి సరిచేసే విధానం తెలుసుకుని దిద్దాను. వర్షాలు పడి వేడి తగ్గాక ఇరవై గుడ్లతో మొదలుపెడతాం. ఏడో రాత్రి టార్చి వేసి చూసి, ఎన్నింటిలో నరాలు కనిపించాయో ఇక్కడే రాస్తాను.